ఒకటే లెక్క... మూడు జవాబులు!

ఆడపిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. మా కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు ఏటా ఒక ప్రాజెక్టు చేసి చూపించాలి. ఒకప్పుడు హాస్టల్ ఫీజుల ప్రోగ్రామో, లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రామో నెలల తరబడి తలలు పట్టుకుని రాసేవారు. ఒక్క సెమికోలన్ తప్పితే ఆ పూటంతా దాని వెనకాలే! ఇప్పుడా బాధ లేదు. పొద్దున అనుకుంటే సాయంత్రానికి ప్రోగ్రాం సిద్ధం. అడిగితే చాలు, రాసిపెట్టే సహాయకులు ఫోన్లోనే ఉన్నారు.

అంచేత ఈమధ్య నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "మేడమ్, చాట్‌జీపీటీ మంచిదా, జెమినై మంచిదా, క్లాడ్ మంచిదా?" పిల్లలే కాదు, పిల్లల తల్లులూ అడుగుతున్నారు. ఏ మిక్సీ కొనమంటారు అన్నట్టుగా అడుగుతారు. నేను కూడా మొన్నమొన్నటి దాకా మిక్సీ సంగతి చెప్పినట్టే జవాబు చెప్పేదాన్ని. ఒక డ్వాక్రా గ్రూపు లీడరు వచ్చి నా కళ్లు తెరిపించింది.

ఎర్ర అట్ట పుస్తకం

మా ఆఖరి సంవత్సరం పిల్ల ఒకతె తన ప్రాజెక్టుకి వాళ్లమ్మ గ్రూపు లెక్కల్నే తీసుకుంది. పదిమంది ఆడవాళ్ల గ్రూపు. నెలనెలా పొదుపు, అందులోంచి అవసరమైనవాళ్లకి అప్పు, దానికి వడ్డీ. ఇరవై ఏళ్లుగా ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుంటున్న లెక్క అది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తానంది. నాకు చాలా సంతోషం వేసింది. ఊరికే మార్కుల కోసం కాకుండా పదిమందికి పనికొచ్చే ప్రోగ్రాం కదా!

చాట్ సహాయకుణ్ణి అడిగి ఒక్క సాయంత్రంలో పూర్తిచేసుకొచ్చింది. పేర్లు వరసగా, అంకెలు చక్కగా, అప్పు తీరినవాళ్లకి ఆకుపచ్చ రంగు, బాకీ ఉన్నవాళ్లకి ఎరుపు. నేనూ కోడ్ చూశాను. శుభ్రంగా ఉంది. ఎక్కడా ఆగకుండా నడిచింది. "బాగుందమ్మా" అన్నాను. ఆ 'బాగుంది' ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

ఇల్లలకగానే పండగ కాదంటారు. ప్రోగ్రాం నడవగానే లెక్క సరైపోదని పిల్లలకి ఏటా చెప్పే నేనే, రంగులు చూసి మోసపోయాను.

ఆ శనివారం వాళ్లమ్మ ఎర్ర పుస్తకం చంకలో పెట్టుకుని కాలేజీకి వచ్చింది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కుర్చీ చూపించినా అంచున కూర్చుంది.

"మేడమ్ గారండీ, మా అమ్మాయి కంప్యూటరు మా పుస్తకంతో కలవట్లేదండి" అంది మొహమాటపడుతూ.

లెక్క ఇది. పదివేలు అప్పు. రెండు రూపాయల వడ్డీ. నెలకి వెయ్యి చొప్పున అసలు కడుతూ పది నెలల్లో తీర్చాలి. మిగిలిన అసలు మీదే వడ్డీ. ఎర్ర పుస్తకం ప్రకారం మొత్తం వడ్డీ 1,100 రూపాయలు. కంప్యూటరు చూపించింది 91 రూపాయల 67 పైసలు!

"పదివేలకి పది నెలలకి తొంభై రూపాయలేంటండి? మా తాతలనాడు కూడా లేదండి ఆ వడ్డీ!"

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

తప్పు ఎక్కడుంది?

మన ఊళ్లలో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకి రెండు రూపాయలు. పసిపిల్లకి కూడా తెలుసు. అంటే ఏడాదికి 24 శాతం అన్నమాట. మా పిల్ల సహాయకుణ్ణి అడిగేటప్పుడు 'వడ్డీ 2 శాతం' అని రాసింది. బ్యాంకుల భాషలో శాతం అంటే ఏడాదికి. సహాయకుడు ఆ లెక్కే పట్టుకున్నాడు. 'నెలకా? ఏడాదికా?' అని మాటమాత్రం అడగలేదు.

ఈ యంత్రాలు పనిచేసే తీరే అంత. కోట్లాది పేజీల రాతల్నీ, కోడ్‌నీ చదివించి వీటిని తయారుచేస్తారు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసుకుంటూ ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతాయి. ప్రపంచంలోని రాతల్లో '2 శాతం వడ్డీ' పక్కన ఎక్కువసార్లు కనిపించేది ఏడాదే. మన రచ్చబండ దగ్గరి వడ్డీ భాష ఆ రాతల్లో ఎంత ఉంటుంది చెప్పండి? మనం విడమరచి చెప్పకపోతే దానికి తెలిసే దారి లేదు. అడగాలన్న బుద్ధి దానికి అన్నిసార్లూ పుట్టదు.

ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాం

ఆ రోజు తల్లీ, కూతురూ, నేనూ ల్యాబ్‌లో కూర్చుని ఒక పరీక్ష పెట్టాం. ముగ్గురు వేరువేరు సహాయకుల్ని తెరిచాం. అన్నీ ఉచితంగా దొరికేవే. ముగ్గురికీ అక్షరం మార్చకుండా ఒకే ప్రశ్న. "పదివేల అప్పు, 2 శాతం వడ్డీ, నెలకి వెయ్యి చొప్పున పది నెలల్లో తీరుస్తారు. మొత్తం వడ్డీ లెక్కగట్టే పైథాన్ ప్రోగ్రాం రాసిపెట్టు."

ఒకటో సహాయకుడు ఏడాది వడ్డీ పట్టుకుని 91 రూపాయల 67 పైసలే తేల్చాడు. పైగా ఎందుకంతో పేజీన్నర వివరణ. రెండో సహాయకుడు నెల వడ్డీ అని సరిగ్గానే పోల్చుకున్నాడు గానీ, అసలు తగ్గుతున్న సంగతి మరిచి పదినెలలూ పదివేల మీదే వేశాడు. 2,000 వచ్చింది. మూడో సహాయకుడు కోడ్ రాయకుండా ఆగి రెండు ప్రశ్నలు వేశాడు. వడ్డీ నెలకా, ఏడాదికా? మొదటి అసలు మీదా, మిగిలిన అసలు మీదా? జవాబులు చెప్పాక 1,100 చూపించాడు.

ఒకటే లెక్క, మూడు జవాబులు. మూడు ప్రోగ్రాములూ తప్పుల్లేకుండా నడిచాయి. మూడూ ఒకే ధీమాతో మాట్లాడాయి.

రెండో జవాబు నమ్మి పుస్తకం మూసేసి ఉంటే ఏమయ్యేది? పదివేలు తీసుకున్న ప్రతి ఆడమనిషీ 900 రూపాయలు ఎక్కువ కట్టేది. ఒకటో జవాబు నమ్మితే గ్రూపు సొమ్ము కరిగిపోయేది. డబ్బు లెక్క దగ్గర ఒక్కసారి అనుమానం పుడితే ఇరవై ఏళ్ల గ్రూపు ఇరవై రోజుల్లో విడిపోతుంది. నష్టం మార్కులతో పోయేది కాదు.

"అయితే మూడోదే మంచిది మేడమ్" అంది మా పిల్ల.

"రేపు మళ్లీ అడిగి చూడవే" అంది తల్లి.

నిజమే. నాలుగు రోజులాగి కొత్తగా మొదలుపెట్టి అదే ప్రశ్న వేశాం. ఈసారి ఆ మూడో సహాయకుడే ఏమీ అడక్కుండా 2,000 చెప్పాడు. ఒకటో సహాయకుడు బుద్ధిగా 'నెలకా, ఏడాదికా?' అన్నాడు! అవకాశాల్ని బట్టి మాటలు పేర్చే యంత్రం కదా, ఒకే ప్రశ్నకి ప్రతిసారీ ఒకే జవాబు రావాలని లేదు. అందుకే ఇక్కడ పేర్లు రాయడం లేదు. పైగా నెల తిరక్కుండా కొత్త రకాలు వచ్చిపడుతుంటాయి. ఇవాళ వెనకబడ్డది రేపు ముందుకొస్తుంది. మిక్సీ బ్రాండ్ చెప్పినట్టు చెబితే మీకు నేను అన్యాయం చేసినదాన్నవుతాను.

తెలుగులో అడిగితే?

"తెలుగులో అడగొచ్చా?" అన్నది తల్లి వేసిన ఇంకో ప్రశ్న. అడగొచ్చు. ఇప్పటి పెద్ద సహాయకులన్నీ తెలుగు అర్థం చేసుకుంటాయి. అయితే ఒక మెలిక ఉంది. ఈ యంత్రాలు మన వాక్యాన్ని చిన్నచిన్న ముక్కలుగా తరుక్కుంటాయి. వాటిని టోకెన్లంటారు. ఓపెన్‌ఏఐ కంపెనీ 2024 మేలో కొత్త రకాన్ని విడుదల చేస్తూ తానే చూపించిన ఉదాహరణలో, ఒక చిన్న తెలుగు పలకరింపు పాత పద్ధతిలో 159 ముక్కలైంది. కొత్త పద్ధతిలో 45కి తగ్గింది. యంత్రానికి ఒకేసారి గుర్తుండే మేర ఈ ముక్కల లెక్కనే. వీటి మీద సొంత ప్రోగ్రాములు కట్టుకునేవాళ్లకి బిల్లూ ఈ ముక్కల లెక్కనే. అంటే మొన్నమొన్నటి దాకా మన భాషలో మాట్లాడినందుకు మనమే ఎక్కువ ఖర్చు భరించామన్నమాట.

మా అనుభవంలో తేలిందేమిటంటే, ఏం కావాలో తెలుగులో వివరంగా చెప్పడమే మేలు. ఇంగ్లీషులో తడుముకుంటూ 'టూ పర్సెంట్' అనే కంటే, 'నూటికి నెలకి రెండు రూపాయలు, మిగిలిన అసలు మీద' అని తెలుగులో రాస్తే ముగ్గురూ సరైన లెక్కకే వచ్చారు.

తలాడించేవాళ్లతో జాగ్రత్త

ఇంకో పరీక్ష కూడా పెట్టాం. 1,100 అని సరిగ్గా చెప్పిన సహాయకుడితో మా పిల్ల కావాలనే "కాదు, తప్పు. 2,000 రావాలి" అంది. వెంటనే క్షమాపణ! 'మీరు చెప్పిందే నిజం' అంటూ సరైన కోడ్‌ని తుడిచేసి తప్పు కోడ్ రాసిచ్చాడు. పిల్ల అవాక్కైంది.

ఈ తలాడింపు రోగం తయారుచేసినవాళ్లకీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి చేసిన ఒక మార్పు వల్ల అది అవతలివాళ్లని మరీ పొగుడుతూ, ఏమన్నా ఔనంటూ పోయింది. జనం గోల చేశాక ఓపెన్‌ఏఐ ఆ మార్పుని నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ఎందుకిలా అవుతుంది? ఈ యంత్రాలకి శిక్షణ ఇచ్చేటప్పుడు మనుషులకి నచ్చిన జవాబుకి మార్కులేస్తారు. మనుషులకి తమని ఒప్పుకునే మాటే ఎక్కువగా నచ్చుతుంది. యంత్రం ఆ కిటుకు పట్టేసింది.

ఎదురుచెప్పని కోడల్ని మెచ్చుకునే లోకం మనది. లెక్కల దగ్గర మాత్రం ఎదురుచెప్పే మనిషే కావాలి. అంచేత 'నేను రాసింది సరిగ్గా ఉందా?' అని అడగకండి. 'ఇందులో ఏ సందర్భంలో తప్పు జవాబు వస్తుందో వెతికిపెట్టు' అని అడగండి. తేడా మీరే చూస్తారు.

చేయితిరిగినవాళ్ల సంగతి

మేమేదో పల్లెటూరి కాలేజీవాళ్లం కాబట్టి బోల్తాపడ్డామనుకోకండి. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి 517 ప్రశ్నలు తీసుకుని చాట్‌జీపీటీని అడిగారు. 52 శాతం జవాబుల్లో ఏదో ఒక తప్పు ఉంది. అంతకంటే ఆలోచించాల్సిన సంగతి, చదివినవాళ్లు 39 శాతం సందర్భాల్లో ఆ తప్పుని పట్టుకోలేకపోయారు. కారణం? మాట తీరు మర్యాదగా, వివరంగా ఉండటం.

2025 జులైలో మెటర్ అనే సంస్థ మరో ప్రయోగం ఫలితాలు చెప్పింది. బాగా అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లకి వాళ్లకి తెలిసిన కోడ్‌లోనే 246 పనులిచ్చారు. ఏఐ సాయం తీసుకున్న పనులకి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా చేశామనుకున్నారు! అది 2025 మొదట్లో దొరికిన పరికరాలతో జరిగిన ప్రయోగం. ఆ తర్వాత పరికరాలు మెరుగుపడ్డాయి. కానీ త్వరగా అయిపోయిందన్న భ్రమ మాత్రం మనుషుల్లో అంత తొందరగా పోయేది కాదు.

ఇంకో విచిత్రం వినండి. ప్రోగ్రాం రాసేటప్పుడు ఇతరులు రాసిపెట్టిన సామాను తెచ్చుకుంటాం. ప్యాకేజీలంటారు వాటిని. 2025లో వెలువడిన ఒక పరిశోధనలో 16 రకాల యంత్రాల చేత 5 లక్షల 76 వేల కోడ్ ముక్కలు రాయించి చూశారు. అవి పేర్కొన్న ప్యాకేజీల్లో దాదాపు ఐదింట ఒకటి అసలు లోకంలోనే లేదు! డబ్బు పెట్టి నడిపే పెద్ద యంత్రాల్లో ఇది ఐదు శాతం చిల్లర, ఎవరైనా ఉచితంగా దించుకోగల రకాల్లో ఇరవై శాతం పైన. లేని పేరుకి నష్టమేముంది అనుకుంటున్నారా? దొంగవాడు ఆ పేరుతోనే ఒక ప్యాకేజీ తయారుచేసి పెడతాడు. మనం నమ్మి తెచ్చుకుంటే ఇంట్లోకి వచ్చేది వాడే.

పోల్చాల్సింది పేర్లని కాదు

మరి పోలిక అవసరమే లేదా? ఉంది. మనం ఇంట్లోకి ఏ రకం మనిషిని పిలుస్తున్నామో చూసుకోవాలి.

మొదటి రకం పక్కింటి పిన్నిగారి లాంటిది. గోడ దగ్గర నిలబడి 'పులిహోరలో ఇంగువ ఎప్పుడెయ్యాలి?' అని అడిగితే చెబుతుంది. వండటం మన పనే. చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్, డీప్‌సీక్‌లని ఫోన్లో తెరిచి అడగటం ఈ రకం. నేర్చుకునేవాళ్లకి ఇదే మంచిది. కోడ్‌ని మన చేత్తో ఎక్కించుకోవాలి కాబట్టి కళ్లు దాని మీద పడతాయి.

రెండో రకం వంటింట్లో మన పక్కనే నిలబడి గరిటె అందించేది. మనం ఒక వరస రాస్తుంటే తర్వాతి వరస తానే రాసి చూపిస్తుంది. 2021లో వచ్చిన గిట్‌హబ్ కోపైలట్ ఈ దారి తీసింది. చేతివాటం ఉన్నవాళ్లకి వేగం. కొత్తవాళ్లకి మాత్రం ఆలోచన పుట్టకముందే జవాబు నోట్లో పడుతుంది.

మూడో రకం తాళంచెవులు చేతికిచ్చి వంటంతా అప్పగించే వంటమనిషి. క్లాడ్ కోడ్, కర్సర్, కోడెక్స్ లాంటివి ఫైళ్లు తామే తెరిచి, మార్చి, ప్రోగ్రాం నడిపి చూసుకుంటాయి. ఎంత పనైనా చకచకా అయిపోతుంది. తాళాలిచ్చాక జాగ్రత్త మనదే. 2025 జులైలో అమెరికాలో ఒక వ్యాపారి ఇలాంటి సాధనంతో ప్రోగ్రాం కట్టించుకుంటున్నాడు. ఏదీ మార్చొద్దని ఖచ్చితంగా చెప్పినా, అది ఆయన అసలు డేటాబేస్‌ని తుడిచిపెట్టేసింది. ఆ రెప్లిట్ కంపెనీ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. డ్వాక్రా పుస్తకం ఒకే ఒక్క ప్రతి ఉంటే, దాన్ని వంటమనిషి చేతిలో పెడతామా?

మన చదువు ఏమవుతోంది?

నాకున్న పెద్ద బెంగ ఇది. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో చేసిన ఒక ప్రయోగం 2025లో అచ్చయింది. అది ప్రోగ్రాముల్లో కాదు, లెక్కల్లో. అయినా మనకి అక్షరాలా వర్తిస్తుంది. మామూలు చాట్ సాయంతో లెక్కలు చేసిన పిల్లలు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. ఆ సాయం తీసేసి పరీక్ష పెడితే, అసలెప్పుడూ వాడని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలిచిన సహాయకుణ్ణి వాడినవాళ్లకి ఆ దెబ్బ దాదాపు తగల్లేదు.

కంపెనీలకీ ఇది అర్థమైంది. 2025లో క్లాడ్, చాట్‌జీపీటీ, జెమినై మూడూ జవాబు చేతికివ్వకుండా ప్రశ్నలతో నడిపించే చదువు పద్ధతుల్ని తెచ్చాయి. కానీ ప్రాజెక్టు గడువు రేపనగా ఆ పద్ధతి ఎంచుకునే పిల్ల ఎవరు? నేనైనా ఎంచుకునేదాన్ని కాదేమో!

ఉచితాల సంగతీ కాస్త ఆలోచించండి. 2025లో మన దేశంలో ఈ కంపెనీలు పోటీలుపడి కుమ్మరించాయి. జులైలో ఎయిర్‌టెల్ వాళ్లు పర్‌ప్లెక్సిటీ ప్రోని ఏడాది ఉచితమన్నారు. అక్టోబరు చివర్లో జియో, గూగుల్ కలిసి జెమినై ప్రోని 18 నెలలు ఉచితమన్నాయి. మొదట 18 నుంచి 25 ఏళ్లవాళ్లకే. నవంబరు 4 నుంచి ఓపెన్‌ఏఐ చాట్‌జీపీటీ గోని ఏడాది ఉచితమంది. ఎవరి మీద గురి పెట్టారో చూశారా? మన పిల్లల మీదే. అలవాటయ్యాక గడువు తీరుతుంది. అప్పటికి చేతిలో సొంత పని ఉంటే కట్టొచ్చు, లేకుంటే మానెయ్యొచ్చు. అది లేకుండా సొంతంగా ఒక్క వరస రాయలేని స్థితి మాత్రం రాకూడదు.

"ఇహ కంప్యూటర్ చదువెందుకండీ?"

మొన్న ఒక తండ్రి నన్నీ మాట అడిగాడు. "కోడ్ అంతా మిషనే రాస్తోందటగా, మా అమ్మాయికి ఇంకా ఫీజులెందుకు, సంబంధాలు చూసుకుంటాం" అన్నాడు. కొడుకు విషయంలో మాత్రం ఆ అనుమానం రాలేదు. వాడికి కోచింగ్ కడుతున్నాడు!

ఆయన భయంలో నిజం లేకపోలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025 ఆగస్టులో చెప్పిన లెక్క ప్రకారం, అమెరికాలో 22-25 ఏళ్ల వయసు సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరితో పోలిస్తే దాదాపు 20 శాతం తగ్గాయి. అనుభవమున్న పెద్దవయసు వాళ్లకి ఆ తగ్గుదల లేదు. కారణం ఏఐ ఒక్కటే కాదనేవాళ్లూ ఉన్నారు. కానీ కొత్తగా చేరిన పిల్లలకి అప్పగించే చిన్నాచితకా కోడ్ పనే యంత్రం ముందుగా పట్టుకుపోతుందన్నది కాదనలేం. మన ఆడపిల్లలు హైదరాబాద్ వెళ్లి నిలదొక్కుకున్నది ఆ మొదటి మెట్టు మీదే.

ఇంకో పక్క ఆడవాళ్లు ఈ సాధనాల్ని వాడటమే తక్కువ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాల్ని కలిపి చూస్తే, మగవాళ్లకంటే ఆడవాళ్ల వాడకం సుమారు పాతిక శాతం తక్కువని తేలింది. వాడితే 'సొంత తెలివి లేదు' అంటారేమోనన్న జంకు కూడా ఇందుకో కారణం కావచ్చంటున్నారు. గుడ్డిగా నమ్మినా నష్టమే, భయపడి దూరంగా ఉన్నా నష్టమే.

1945లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్‌ని నడిపించడానికి ఆరుగురు ఆడవాళ్లని ఎంచుకున్నారు. ప్రోగ్రాం ఎలా రాయాలో చెప్పే పుస్తకమంటూ లేదు. తీగల పటాలు ముందేసుకుని ఆ యంత్రం ఎలా ఆలోచిస్తుందో వాళ్లే కనిపెట్టారు. 1946 ఫిబ్రవరిలో యంత్రాన్ని లోకానికి చూపించిన రాత్రి విందుకి వాళ్లకి పిలుపే లేదు. అయినా ఆ పని తెలిసినవాళ్లు వాళ్లే. యంత్రం చెప్పింది సరో కాదో తేల్చగలిగినవాళ్లకి ఎప్పుడూ పని ఉంటుందని నా నమ్మకం. ఆ తండ్రికీ ఇదే చెప్పాను. ఈ రోజుల్లో చదువు ఆపించడం కాదు, గట్టిగా చదివించడం కావాలన్నాను. ప్రస్తుతానికి ఫీజు కట్టాడు. సంబంధాల సంగతి ఏమైందో అడగలేదు.

మా ల్యాబ్ గోడ మీద

ఇప్పుడు మా ల్యాబ్‌లో ఒక అట్టముక్క వేలాడదీశాం. అందులో ఉన్నవి మీకూ పనికొస్తాయి.

సహాయకుణ్ణి అడిగేముందు ఒక్క లెక్క చేత్తో చేసి జవాబు దగ్గర పెట్టుకోండి.

'కోడ్ రాసేముందు నీకున్న సందేహాలు అడుగు' అని మొదటే చెప్పండి.

ముఖ్యమైన పనైతే ఇద్దర్ని అడగండి. జవాబులు కలవకపోతే అక్కడ ఆగండి. కలిసినా నమ్మేయకండి, చేతిలెక్కతో సరిచూడండి.

అసలు పేర్లు, ఆధార్, ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించొద్దు. లెక్క కోసం ఉత్తుత్తి పేర్లు చాలు.

కొత్త ప్యాకేజీ పేరు చెబితే అది నిజంగా ఉందో లేదో, ఎవరు చేశారో చూశాకే తెచ్చుకోండి.

ఏ వరస ఎందుకుందో ఎదుటివాళ్లకి మాటల్లో చెప్పలేకపోతే ఆ వరస మీది కాదు.

మా పిల్ల మౌఖిక పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ప్రోగ్రాం చూసి, "1,100 ఎలా వచ్చింది?" అన్నాడు. కంప్యూటర్ వంక చూడకుండా బోర్డు దగ్గరికి వెళ్లి మొదటి నెల 200, రెండో నెల 180, మూడో నెల 160 అంటూ పదినెలలూ రాసి కూడి చూపించింది. ఆ మొదటి ప్రోగ్రాంలో 91 ఎందుకొచ్చిందో కూడా తనంతట తానే చెప్పింది. అది చెప్పక్కర్లేదు నిజానికి. చెప్పింది.

ఆ ప్రోగ్రాం ఇప్పుడు గ్రూపులో నడుస్తోంది. ఎర్ర పుస్తకం ఏం చేశారని వాళ్లమ్మని అడిగాను.

"అదెక్కడికి పోతుందండి? అదీ రాస్తాం, ఇదీ చూస్తాం. రెండూ కలిస్తేనే అందరం సంతకాలు పెడతామండి" అంది. ఈసారి కుర్చీలో నిండుగా కూర్చుని.